గనక

మే నెలలో గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులిస్తారు. జనవరి నుంచీ కాలుపెట్టే సందు లేకుండా టిక్కీలతో, అంటే మిర్చి బస్తాలతో, నిండిపోయిన ప్లాట్‌ఫారాలు అప్పుడు బోసిపోయి, ఎర్రటి పొడి మరకలతో మిగులుతాయి. హమాలీలు ఊళ్లకు వెళతారు. కాటాల మీద గోనెపట్టాలు కప్పుతారు. కొట్టు షట్టరు ఎత్తి లోపలికి వెళితే మాత్రం ఘాటు అలాగే ఉంటుంది. కీబోర్డు బోర్లించి తడితే నాలుగు మిరపగింజలు రాలతాయి. ఏటా ఆ రోజుల కోసమే ఎదురు చూస్తాను. కమీషన్ కొట్లలోని లెక్కల ప్యాకేజీలను కొత్త వెర్షన్‌కు మార్చేది అప్పుడే. ఇరవై ఏళ్లుగా నాది ఇదే పని. ప్యాకేజీ ఎక్కడో తయారవుతుంది. రెడీమేడ్ చొక్కా చేతులు కురచ చేసి కుట్టించుకున్నట్టు, దాన్ని ఈ యార్డు ఒంటికి సరిపోయేలా నేను కుట్టి ఇస్తాను.

ఆ కుట్టుపని అవసరం ఎందుకొస్తుందో చెప్పాలి. ప్యాకేజీని అందరి కోసం తయారు చేస్తారు. లూధియానాలో ఉన్ని అమ్మేవారికీ, కొచ్చిలో మిరియాలు అమ్మేవారికీ అదే. సరుకు, పరిమాణం, ధర, మొత్తం అని నాలుగు గళ్లిస్తారు. మన దగ్గర రైతు చేతికిచ్చే తక్‌పట్టీ అనే లెక్క చీటీకి ఆ నాలుగూ చాలవు. టిక్కీలెన్నో రాయాలి, తూకమెంతో కూడా రాయాలి. రైతు ఇంటి దగ్గర టిక్కీలు లెక్కపెట్టుకుని బండెక్కుతాడు, డబ్బు మాత్రం తూకాన్ని బట్టి వస్తుంది. రకం రాయాలి. తేజ ధర వేరు, 334 ధర వేరు, బాడిగ ధర వేరు. తాలు విడిగా చూపాలి. రంగు పోయి తెల్లబారిన కాయను ఏరి వేరే టిక్కీలకెత్తుతారు, దానికి వేరే రేటు పలుకుతుంది. పంట పెట్టుబడికి కొట్లో తీసుకున్న బాకీ ఉంటే దాని వడ్డీ తీసేయాలి. ప్యాకేజీ ఏడాదికి ఎంత శాతమని అడుగుతుంది. ఇక్కడ ఎవరూ అలా మాట్లాడరు. నెలకు నూటికి రెండు రూపాయలంటారు, నెలంటే ముప్పై రోజులంటారు. ఒకే ఊళ్లో ఒకే పేరున్నవాళ్లు ముగ్గురుంటారు, ఇంటిపేరూ తండ్రి పేరూ లేకపోతే ఒకరి డబ్బు ఇంకొకరి ఖాతాలో పడుతుంది. ఇవన్నీ తెలుగులో అచ్చు కావాలి.

ఒక్కొక్కటిగా చూస్తే ఇవి చిన్న మార్పులే. అన్నీ కలిపితేనే ఆ కాగితం మీద ఈ నేల కనిపిస్తుంది.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. దేశంలోని ప్రతి లెక్కల ప్యాకేజీ ఆ తేదీకి మారక తప్పలేదు. నేనూ వారం రోజులు కొట్టు కొట్టుకూ తిరిగి కొత్త వెర్షన్ ఎక్కించాను. అప్పటిదాకా నేను చేసిన మార్పులన్నీ ప్యాకేజీ సొంత ఫారాల్లోనే, దాని ఫైళ్లలోనే నేరుగా చేసినవి. పని జరుగుతోంది కదా అనుకునేవాణ్ణి. కొత్త వెర్షన్ వచ్చి తన ఫైళ్లను తాను మార్చుకుంది. అది చేయాల్సిన పనే చేసింది. నా రాతలు దాని కాగితాల మీద ఉన్నాయి గనక ఆ కాగితాలతోపాటే పోయాయి.

ఆ వారంలోనే పెదనందిపాడు వైపు నుంచి ఒక పెద్దాయన కోల్డ్ స్టోరేజీలో దాచిన సరుకు అమ్ముకున్నాడు. గుమస్తా ఇచ్చిన పట్టీని వెలుతుర్లోకి తీసుకెళ్లి, కిందికీ పైకీ చూసి, నా దగ్గరికి వచ్చాడు.

"ఇందులో నా తాలు ఎక్కడుందబ్బాయ్?"

"అంతా కలిపి వచ్చింది బాబాయ్. డబ్బు లెక్క సరిగ్గానే ఉంది, నేను చూశా."

"డబ్బు సంగతి కాదబ్బాయ్ నేననేది. తాలు మా ఇంట్లో ఆడాళ్లు ఏరారు. పది రోజులు కూర్చుని ఏరారు. ఎంత తూగింది, ఎంతకు పోయిందీ అని ఇంటికెళ్లగానే అడుగుతారు. ఈ కాయితం చూసి నేనేం చెప్పాల?"

నా దగ్గర జవాబు లేదు. తాలు గడిని పెట్టింది నేనే. గుమస్తాలు అడిగారని పెట్టాను. దాని వెనక కళ్లంలో పట్టాల మీద, ఎండలో, ముఖానికి గుడ్డ కట్టుకుని కాయ కాయా ఏరిన చేతులున్నాయని ఆ రోజు దాకా నాకు తట్టలేదు. ఒక గడి పోతే సొమ్ములో పైసా తేడా రాలేదు. కానీ ఒక ఇంటి పది రోజుల కష్టానికి ఆనవాలు లేకుండా పోయింది.

మూడు రాత్రులు కూర్చుని గుర్తున్న మార్పులన్నీ మళ్లీ చేశాను. గుర్తులేనివి తరవాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. ముప్పై రోజుల నెల లెక్క పోయిందని రెండు నెలలకు తెలిసింది. మరో కొట్లో ఏదో చోట ఒక అంకెను పైకి సవరించేలా రాసి ఉన్నాను, ఎందుకు రాశానో ఎంత ఆలోచించినా తట్టలేదు. ఆ మార్పు చేసిన చెయ్యి నాదే. కారణం మాత్రం పోయింది.

ఇది నాకొక్కడికే వచ్చిన కష్టం కాదని, దీనికి లోకంలో ఎప్పటినుంచో దారులు వెతుకుతున్నారని ఆ తరవాత చదివి తెలుసుకున్నాను. లినక్స్ వంటి వ్యవస్థల్లో ఏ ఫైలు ఎక్కడ ఉండాలో చెప్పే ఒక ప్రమాణపత్రం ఉంది. అందులో 'లోకల్' అని ఒక అర విడిగా కేటాయించారు. వ్యవస్థకు అప్‌డేట్ వచ్చినా ఆ అరను ముట్టకూడదని నియమం. ఇంటి యజమాని ఇల్లంతా సున్నం వేయించినా అద్దెకున్నవాళ్ల దేవుడి గూడు జోలికి పోకపోవడం లాంటిదది. 1993లో మొదలైన డెబియన్ అనే లినక్స్ వ్యవస్థ ఇంకో మర్యాద పాటిస్తుంది. సెట్టింగుల ఫైల్లో మనం ఏదైనా మార్చి ఉంటే, అప్‌డేట్ సమయంలో ఆగి అడుగుతుంది: మీరు రాసుకున్నది ఉంచమంటారా, కొత్తగా వచ్చింది పెట్టమంటారా, రెంటికీ తేడా చూపించమంటారా అని. ఏమీ చెప్పకుండా ఎంటర్ నొక్కితే మనదే ఉంచుతుంది. మన దేశంలో చిన్న వ్యాపారులకు బాగా తెలిసిన టాలీలో టీడీఎల్ అనే భాష ఉంది. ప్యాకేజీ లోపలి కోడును ముట్టకుండా, మన మార్పులను విడి ఫైలులో రాసి పైన తొడగడానికి అది పనికొస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది 1985లో లారీ వాల్ రాసిన 'ప్యాచ్' అనే చిన్న ప్రోగ్రాము. ప్యాచ్ అంటే మాసిక. చొక్కా మొత్తాన్ని పంపనక్కర్లేదు, మాసిక గుడ్డ ఒక్కటి పంపితే చాలు, అది ఎక్కడ పడాలో చూసుకుని తనే కుట్టుకుంటుంది. మారిన వరసతోపాటు దాని పైనా కిందా ఉన్న రెండు మూడు వరసలను కూడా మాసికలో చేర్చి పంపుతారు. అవతల ఫైల్లో వరసల సంఖ్య మారిపోయి ఉన్నా, ఆ చుట్టుపక్కల వరసలను బట్టి చోటు గుర్తుపడుతుంది. ఎంత వెతికినా చోటు దొరక్కపోతే ఎక్కడో ఒకచోట బలవంతంగా కుట్టేయదు. కుదరని ముక్కను పక్కన వేరే ఫైల్లో పెట్టి, ఇది మీరు చూడండని మనిషికి వదిలేస్తుంది. ఏ మార్పునైనా మోసుకుపోయేది దాని చుట్టుపక్కల సందర్భమేనని ఆ ప్రోగ్రాము రాసినాయనకు తెలుసు.

ఈ మాట చదువుతుంటే మా నాన్న పుస్తకాలు గుర్తొచ్చాయి.

నాన్న మిర్చి కొట్లో గుమస్తా. 1960లలో చేరి ముప్పై ఏళ్లకు పైగా చిట్టా, ఆవర్జాలు రాశాడు. ఎర్రగుడ్డ అట్టల పుస్తకాలవి. బట్టల కొట్టుకూ, కిరాణా కొట్టుకూ, మిర్చి కొట్టుకూ అచ్చాఫీసు వాళ్లు ఒకే రకం గీతలు కొట్టి ఇచ్చేవాళ్లు. ఏటా కొత్త పుస్తకం వచ్చేది, పాతది అటక ఎక్కేది. కొత్త పుస్తకానికి పసుపు రాసి, శ్రీకారం చుట్టి, లెక్క మొదలుపెట్టే ముందు నాన్న మొదటి పేజీని తన కోసం ఉంచుకునేవాడు. పాత పుస్తకం పక్కన పెట్టుకుని, అందులోని మొదటి పేజీని చూస్తూ కొత్తదాంట్లో ఎత్తి రాసేవాడు. ఈ కొట్లో లెక్క ఎలా రాస్తామో ఆ పేజీలో ఉంటుంది. చిన్నప్పుడు అదేదో పూజలో భాగమనుకునేవాణ్ణి.

2017లో ఆ మూడు రాత్రుల తరవాత అటక ఎక్కి ఆ పుస్తకాలు దించాను. మొదటి పేజీల్లో ప్రతి వరసా ఒకే మాటతో ముగుస్తోంది. 'మణుగంటే 11 కిలోల 340 గ్రాములు కట్టవలెను, ఊళ్లలో ధర ఇంకా మణుగుల్లోనే అడుగుతున్నారు గనక.' 'ఒంగోలు తాలూకా ఊళ్లను గుంటూరు జిల్లా కింద రాయరాదు, కొత్త జిల్లా అయినది గనక.' ఈ రెండోది 1970 పుస్తకంలో ఉంది. ఆ ఏడాది ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలతో ఒంగోలు జిల్లా ఏర్పడింది. 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. నాన్న పేజీలో కూడా పేరు మారింది. మరి కొన్నేళ్ల పుస్తకాలు తిరగేస్తే మణుగు వరస కనిపించలేదు. కొట్టివేత లేదు, గీత లేదు. ఆ ఏడు ఎత్తి రాయలేదు, అంతే. మణుగు అడిగేవాళ్లు లేకుండా పోయారన్న మాట.

అప్‌డేట్‌ను తట్టుకునే విద్య అంతా ఆ పేజీలో ఉంది. అచ్చు గీతల మీద నాన్న ఏమీ దిద్దలేదు. తనదేదో దాన్ని విడిగా ఒకచోట పెట్టుకున్నాడు. ప్రతిదానికీ కారణం రాశాడు. కారణం తీరగానే ఆ వరసను వదిలేశాడు. ఏటా చేత్తో ఎత్తి రాయడంలో ఆ శ్రమే జల్లెడ. చేతికి అలసట తెలుస్తుంది గనక అక్కర్లేనిది ముందుకు పోదు.

ఆ కట్టలోనే నాన్న కంటే ముందు పనిచేసిన గుమస్తాగారి పుస్తకమొకటి ఉంది. అందులో అంకెల పక్కన నిలువు గీతలూ అడ్డగీతలూ ఉన్నాయి. అవి తెలుగు భిన్నాంకాలు. కాలు, అర, ముప్పావు, వీసం అంటూ నాలుగో వంతుల మెట్లు దిగుతూ రాసే పద్ధతి అది. మణుగుకు ఎనిమిది వీశెలు, రూపాయికి పదహారణాలు ఉన్న కాలానికి అతికినట్టు సరిపోయిన లిపి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి, ఆ వెనకే కిలోలు వచ్చాయి. ఈ దేశపు లెక్కల పుస్తకాలకు అంత పెద్ద అప్‌డేట్ మళ్లీ రాలేదేమో. పదుల లెక్క ముందు నాలుగుల గీతలకు చోటు లేకపోయింది. చదవగలిగినవాళ్లు తగ్గిపోయారు.

కానీ ఆ గీతల కథ అక్కడితో ముగియలేదు. ప్రపంచంలోని లిపులన్నిటికీ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే చోటుంది. 2008లో వచ్చిన 5.1 వెర్షన్‌లో ఆ భిన్నాంకాల గీతలను కూడా చేర్చారు. ధాన్యం కొలిచే తూముకు మన లెక్కల్లో వాడిన గుర్తునూ చేర్చారు. 'ౘలి'లోని ౘ, 'ౙల్లెడ'లోని ౙ అప్పుడే వచ్చాయి. ఎవరో ఆ పాత రాతలను పోగుచేసి, ఇవి ఇలా వాడేవాళ్లు, ఇందుకు వాడేవాళ్లు అని కారణాలతో సహా రాసి పంపితేనే అది జరుగుతుంది. ఒక మూల ఊరి కరణమో గుమస్తానో రాసుకున్న గీత, ఈ రోజు ప్రపంచంలోని ఏ కంప్యూటర్‌కైనా వర్తించే ప్రమాణంలో ఉంది. ఇక దాన్ని ఏ అప్‌డేట్ నుంచీ ఎవరూ కాపాడనక్కర్లేదు, ప్రతి అప్‌డేటూ దాన్ని మోసుకొస్తుంది. స్థానికమైన మార్పుకు ఇంతకంటే మంచి గతి లేదని నా నమ్మకం. మనకు మాత్రమే కావలసింది మన అరలో ఉంచుకోవాలి. పదిమందికీ పనికొచ్చేదైతే ప్యాకేజీ చేసేవాళ్లకు రాసి పంపాలి. విసుక్కోకుండా, కారణంతో పంపాలి.

అప్‌డేట్ వద్దనుకోవడం దీనికి మందు కాదు. అలా అనుకున్న కొట్లు నాకు తెలుసు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో మద్దతు ఆగిపోయినా, దాని మీదే పాత వెర్షన్‌ను నడిపించారు. పాతదే బాగుంది, అందులో మనవన్నీ ఉన్నాయనేవారు. నిజమే, ఉన్నాయి. ఒకరోజు ఆ కంప్యూటర్ లేవలేదు. పాత వెర్షన్ కొత్త యంత్రంలోకి ఎక్కలేదు. వాళ్లు కాపాడుకుంటున్నామనుకున్న మార్పులన్నీ ఆ పెట్టెతోపాటు పోయాయి. ఆగిపోయినంత మాత్రాన మనది మనకు నిలవదు. ఎత్తి రాసుకుంటేనే నిలుస్తుంది.

ఈ సంగతి ఇక్కడి రైతుకు నాకంటే ముందే తెలుసు. మిరపలో 334 అనేది లాం పరిశోధన కేంద్రంలో పుట్టిన రకం. ఒకప్పుడు చేలో మంచి కాయ ఏరి, ఎండబెట్టి, ఆ విత్తనమే మళ్లీ పోసేవాళ్లు. హైబ్రిడ్లు వచ్చాక ఏటా ప్యాకెట్టు కొనాల్సిందే. పత్తిలోనూ అంతే. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక గింజ దాచుకునే అలవాటు ఈ నల్లరేగళ్లలో దాదాపు పోయింది. కానీ ప్యాకెట్టు మారిందని చేను మారిపోదు. ఏ చెక్కలో నీరు నిలుస్తుంది, ఎక్కడ సాళ్లు ఎడంగా పెట్టాలి, పురుగుకు అడ్డంగా ఏ గట్టు వెంట జొన్న వరసలు వేయాలి అన్నవి ప్యాకెట్టు మీద ఉండవు. అవి రైతు దగ్గరే ఉంటాయి, కొడుకుతో గట్టు మీద నడుస్తూ చెప్పే మాటల్లో ఉంటాయి. విత్తనం కంపెనీది కావచ్చు, సాగు తనది.

2017 తరవాత నేనూ ఒక పుస్తకం పెట్టాను. ప్రతి కొట్టుకూ ఒక పేజీ, పేజీకి మూడు గళ్లు: ఏం మార్చాం, ఎక్కడ ఉంచాం, ఎందుకు. మార్పులన్నిటినీ ప్యాకేజీ ఫైళ్లలోంచి బయటికి తెచ్చి విడి ఫైళ్లలో పెట్టడానికి రెండు వేసవులు పట్టింది. దాని విలువ 2022 ఏప్రిల్ 4న తెలిసింది. ఆ రోజు రాష్ట్రంలో పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి. నరసరావుపేట పల్నాడు జిల్లాకు కేంద్రమైంది. పర్చూరు, చీరాల ప్రకాశం నుంచి బాపట్లలోకి వెళ్లాయి. పాత పద్ధతిలోనే ఉండిపోయిన ఒక కొట్లో ప్రతి రైతు పేరు పక్కనా జిల్లా పేరు చేత్తో కొట్టి ఉంది. వేల పేర్లు, వారం రోజులు దిద్దాం. మిగతా కొట్లలో ఏ ఊరు ఏ జిల్లా అన్నది విడి పట్టికలో ఉంది. ఆ పట్టిక మార్చడానికి ఒక సాయంత్రం సరిపోయింది. నాన్న 1970 పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టుకుని ఆ పని చేశాను. ఆయన చేసిన పనే చేస్తున్నానన్న తృప్తి కలిగింది.

ఈ మే నెలలో నా పక్కన ఒకమ్మాయి కూర్చుంది. ఊళ్లోనే డిగ్రీ చదివి పని నేర్చుకుంటోంది, రాబోయే ఏళ్లలో ఈ కొట్లు తను చూసుకుంటుంది. ఈసారి పుస్తకం ఎత్తి రాయడం తనకే ఇచ్చాను. నేను చదువుతున్నాను, తను రాస్తోంది. తెలుగు అక్షరాలు సరిగా అచ్చు కావడానికి పన్నెండేళ్ల కిందట నేను పడిన తిప్పలన్నీ ఒక వరసలో ఉన్నాయి. కొత్త వెర్షన్‌లో పరీక్షించి చూశాం. మన సాయమేమీ లేకుండా తెలుగు చక్కగా అచ్చయింది. వత్తులు కూడా తమ చోట పడ్డాయి.

"అయితే ఈ వరస వదిలేద్దామా సార్?" అంది.

"వదిలెయ్యమ్మా," అన్నాను. నేను ఎన్నో రాత్రులు పడిన కష్టం కొత్త పేజీలోకి రాకుండా పోతుంటే, దిగులు వేస్తుందేమో అనుకున్నాను. సంతోషమే కలిగింది.

ఇంకో రెండు వరసలు దాటాక తను మళ్లీ ఆగింది. కొత్త వెర్షన్‌లో రకాలన్నీ కలిపి చూపే మంచి పట్టిక ఉందట, దాంట్లో మొత్తం డబ్బు సరిపోతోందట. మరి తాలుకు వేరే గడి ఇంకా ఎందుకు అని అడిగింది. నేను మాట్లాడకుండా మూడో గడి మీద వేలు పెట్టాను. తను అది చదువుకుని, ఇంకేమీ అడగకుండా, వంచిన తల ఎత్తకుండా, కొత్త పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో ఎత్తి రాసింది: తాలు విడిగా చూపవలెను, ఇంటి దగ్గర ఏరినవాళ్లు అడుగుతారు గనక.